ఒకే మీటరు, మూడు మెయిన్ బోర్డులు: అంతస్తుల ఇంటికి వైరింగ్ చేసే క్రమం

కింద అమ్మానాన్న, పైన కొడుకు కుటుంబం, ఆ పైన ఒక పెంట్‌హౌస్ గది. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలనీల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మీటరు మాత్రం మొదట ఇల్లు కట్టినప్పుడు గేటు పక్కన బిగించిన ఒక్కటే ఉంటుంది. కింది బోర్డు నుంచి ఒక జత వైర్లు పైకి లాగితే సరిపోదా, అంతస్తుకో మెయిన్ బోర్డు పెట్టాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని ఇంటి యజమానులూ, కొత్తగా పనిలోకి వచ్చిన వైర్‌మన్‌లూ పదేపదే అడుగుతున్నారు. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

ఈ పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతే చేయించాలి. నిబంధన అదే, ప్రాణానికి భద్రత కూడా అందులోనే ఉంది. మీటరు, దాని సీలు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు విద్యుత్తు సంస్థవి. వాటిని మనం ముట్టుకోకూడదు. మీటరు నుంచి బయటకు వచ్చే తీగల తర్వాతి పని గురించే ఈ వ్యాసం.

1. ఒక్క మీటరుతో నడపవచ్చా అన్నది ముందు తేల్చుకోండి

ఒకే కుటుంబం, ఒకే ఇల్లు అయితే ఒక్క మీటరు మీద ఎన్ని బోర్డులైనా పెట్టుకోవచ్చు. పై అంతస్తు కిరాయికి ఇవ్వాలనుకుంటే మాత్రం వైరింగ్ మొదలుపెట్టక ముందే విద్యుత్తు సంస్థ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి రెండో సర్వీసు గురించి అడగడం మంచిది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే ఆ హద్దు సులభంగా దాటిపోతుంది, యూనిట్లు పెరిగిన కొద్దీ స్లాబు రేటు కూడా పెరుగుతుంది.

కింద షట్టరు వేసి కిరాణా దుకాణమో టైలరింగ్ షాపో నడుపుతుంటే దానికి ఇంటి సర్వీసు నుంచి కరెంటు ఇవ్వకండి. గృహ కేటగిరీ కరెంటును వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి, వర్తించే రేటుకు రెట్టింపు వసూలు చేస్తారు.

తర్వాత మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (విద్యుత్తు సంస్థ మీ సర్వీసుకు మంజూరు చేసిన లోడు) ఎంత ఉందో చూడండి. మీరు పెట్టబోయే లోడు అంతకన్నా ఎక్కువైతే ముందు దాన్ని పెంచుకోండి, అవసరమైతే సింగిల్ ఫేజు నుంచి త్రీ ఫేజుకు మార్పించుకోండి. ఇల్లంతా పూర్తయ్యాక లోడు పెంచమని తిరగడం కన్నా ఇదే తేలిక.

2. లోడు లెక్కను కాగితం మీద వేయండి

అంతస్తుల వారీగా ఒక్కో వస్తువు పేరు, దాని వాట్లు రాయండి. ఉదాహరణకు ఒక ఇల్లు తీసుకుందాం.

కింది అంతస్తు: టన్నున్నర ఏసీ 1.6 కిలోవాట్లు, గీజరు 2, ఇస్త్రీపెట్టె 1, మిక్సీ 0.75, ఫ్రిజ్ 0.2, ఫ్యాన్లు లైట్లు 0.6. మొత్తం 6.15 కిలోవాట్లు.

మొదటి అంతస్తు: రెండు ఏసీలు 3.2, గీజరు 2, ఇండక్షన్ పొయ్యి 2, వాషింగ్ మెషీన్ 0.5, ఫ్రిజ్ 0.2, ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి 0.8. మొత్తం 8.7 కిలోవాట్లు.

పెంట్‌హౌస్: ఏసీతో కలిపి 1.9 కిలోవాట్లు. ఒక హెచ్‌పీ బోరు మోటరుకు సుమారు 1.1 కిలోవాట్లు.

ఇవన్నీ ఒకేసారి నడవవు. గీజరు పనిచేసే చలికాలం ఉదయం ఏసీ నడవదు. కాబట్టి ఒకే సమయంలో నిజంగా నడిచేవి ఎన్నో ఆలోచించి కింద 4, మొదటి అంతస్తుకు 6, పెంట్‌హౌస్, మోటరు కలిపి 3 కిలోవాట్లు అనుకోవచ్చు. సింగిల్ ఫేజులో వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఆ లెక్కన కింద సుమారు 17, మొదటి అంతస్తుకు 26, మూడో దారికి 13 ఆంపియర్లు. త్రీ ఫేజు సర్వీసు ఉంటే అంతస్తుకో ఫేజు ఇవ్వడం సులువైన పద్ధతి. ఈ ఇంట్లో కింది అంతస్తుకు ఆర్ (ఎరుపు), మొదటి అంతస్తుకు వై (పసుపు), పెంట్‌హౌస్‌కూ మోటరుకూ బీ (నీలం) ఫేజు ఇస్తే సరిపోతుంది.

3. కరెంటు విడిపోయే చోటు

నా అనుభవంలో లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. చాలా ఇళ్లలో కింది అంతస్తు మెయిన్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడిపోయి, అంటే ఆగిపోయి, సరఫరాను తెంచే స్విచ్) స్క్రూ కిందే రెండో వైరును దూర్చి పైకి లాగుతారు. ఒకే రంధ్రంలో 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి, 2.5 వైరు ఇంకొకటి పెడితే స్క్రూ లావు వైరును పట్టుకుంటుంది, సన్న వైరు వదులుగానే మిగిలిపోతుంది. అలాంటి ఎంసీబీని ఒకసారి విప్పి చూశాను. సన్న వైరు ఇన్సులేషన్ రెండు అంగుళాల మేర నల్లగా మాడి, ముట్టుకోగానే పెంకులా రాలిపోయింది. లావు వైరు మాత్రం కొత్తదానిలా ఉంది.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. కింద 40 ఆంపియర్ల ఎంసీబీ ఉండి, దాని నుంచి పైకి వెళ్లిన వైరు 2.5 అయితే, పైన లోడు 35 ఆంపియర్లు ఉన్నా ఎంసీబీ పడిపోదు, గోడలో ఉన్న వైరు మాత్రం కాలుతూ ఉంటుంది. ఫ్యూజు చేయవలసిన పని వైరు చేస్తుందన్న మాట. అందుకే వైరు సన్నబడే ప్రతి చోటా, అది మొదలయ్యే దగ్గరే, దానికి తగిన ఎంసీబీ ఉండాలి.

సరైన పద్ధతి ఏమిటంటే, మీటరుకు వీలైనంత దగ్గరగా ఇనుప రేకుతో చేసిన ఒక మెయిన్ బాక్సు పెట్టాలి. మీటరు నుంచి వచ్చే వైర్లు ముందు ఇందులోని ఒక్క మెయిన్ ఎంసీబీకి చేరతాయి. త్రీ ఫేజుకు అది నాలుగు పోల్స్‌ది (నాలుగు తీగలను ఒకేసారి తెంచేది), సింగిల్ ఫేజుకు రెండు పోల్స్‌ది ఉండాలి. దాని తర్వాత బస్‌బార్లు (కరెంటును పంచే లోహపు పట్టీలు), బస్‌బార్ల నుంచి అంతస్తుకో రెండు పోల్స్ ఎంసీబీ, వాటి నుంచి పై బోర్డులకు వైర్లు. మోటరుకు వేరుగా ఒక 16 ఆంపియర్ల దారి ఇవ్వండి, అప్పుడు మోటరు మొరాయిస్తే ఇంట్లో లైట్లు ఆరిపోవు.

మీటరుకూ మెయిన్ ఎంసీబీకీ మధ్య ఉన్న వైరుకు మన వైపు నుంచి రక్షణ ఏదీ ఉండదు. అందుకే ఆ ముక్క పొట్టిగా ఉండాలి, మధ్యలో అతుకులు ఉండకూడదు, పైపులో వెళ్లాలి. మీటరును గేటు దగ్గర ఉంచి మెయిన్ బాక్సును ఇంటి వెనక మెట్ల కింద పెట్టే అలవాటు మంచిది కాదు.

4. వైరు, ఎంసీబీ ఎంపిక

గుర్తుంచుకోవలసిన వరుస ఇది: లోడు ఆంపియర్ల కన్నా ఎంసీబీ పెద్దది, ఎంసీబీ కన్నా వైరు సామర్థ్యం పెద్దది.

పట్టికల్లో ఉండే అంకెలు సాధారణంగా 30 డిగ్రీల వేడికి వేసినవి. మన వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, డాబా మీద పైపులో వేడి ఇంకా ఎక్కువ. 45 డిగ్రీల దగ్గర పీవీసీ వైరు సామర్థ్యం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పైపులో ఒక జతగా వెళ్లే రాగి వైర్లకు ఆ తగ్గింపు పోను మిగిలేవి ఇవి:

4 చదరపు మిల్లీమీటర్లు: సుమారు 25 ఆంపియర్లు
6 చదరపు మిల్లీమీటర్లు: సుమారు 32 ఆంపియర్లు
10 చదరపు మిల్లీమీటర్లు: సుమారు 45 ఆంపియర్లు

ఒకే పైపులో రెండు మూడు అంతస్తుల జతలను కుక్కితే ఈ అంకెలు ఇంకా పడిపోతాయి. అంతస్తుకో పైపు వేయండి.

మన ఉదాహరణలో కింది అంతస్తుకు 25 ఆంపియర్ల ఎంసీబీ, 6 వైరు. మొదటి అంతస్తుకు 32 ఆంపియర్ల ఎంసీబీ, 10 వైరు. పెంట్‌హౌస్‌కు 20 ఆంపియర్ల ఎంసీబీ, 4 వైరు. మెయిన్‌కు 40 ఆంపియర్లు, 16 వైరు. ఏసీలు, మోటరు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి సి రకం ఎంసీబీలు తీసుకోండి. పది కిలో ఆంపియర్ల బ్రేకింగ్ సామర్థ్యం (షార్ట్ అయినప్పుడు తెంచగలిగే కరెంటు) ఉన్నవే కొనండి, ఆ సంఖ్య ఎంసీబీ ముఖం మీద 10000 అని ఒక గడిలో రాసి ఉంటుంది.

దూరం ఎక్కువైతే వోల్టేజి పడిపోవడాన్ని కూడా చూసుకోవాలి. 4 వైరులో ఒక్కో ఆంపియరుకు, ఒక్కో మీటరు పొడవుకు సుమారు 11 మిల్లీవోల్టులు పోతాయి. 13 ఆంపియర్లు, 25 మీటర్లు అయితే 3.6 వోల్టులు, అంటే ఒకటిన్నర శాతం పైచిలుకు. లైట్లకు 3 శాతం, మిగతా వాటికి 5 శాతం లోపు ఉంటే చాలు కాబట్టి ఇది ఫర్వాలేదు.

5. న్యూట్రల్: ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన తీగ

త్రీ ఫేజు ఇంట్లో ఫేజు తీగ ఊడితే ఒక అంతస్తు చీకటి అవుతుంది. మెయిన్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి తీగ) ఊడితే ఇంట్లో వస్తువులు కాలిపోతాయి. ఎందుకో లెక్క చూడండి. కింద ఆర్ ఫేజు మీద 200 వాట్ల ఫ్యాన్లు, టీవీ నడుస్తున్నాయి, పైన వై ఫేజు మీద 2000 వాట్ల గీజరు నడుస్తోంది. ఉమ్మడి న్యూట్రల్ తెగిన క్షణం ఈ రెండు లోడులూ ఒకదాని వెనక ఒకటిగా 400 వోల్టుల మధ్య నిలబడతాయి. పెద్ద లోడు ఉన్న గీజరుకు 36 వోల్టులే అందుతాయి, చిన్న లోడు ఉన్న టీవీ, ఫ్యాన్ల మీద 360 వోల్టులకు పైగా పడతాయి. ఒక అంతస్తులో లైట్లు మినుకుమినుకుమంటూ, మరో అంతస్తులో కళ్లు చెదిరేలా వెలిగితే ఆలస్యం చేయకుండా మెయిన్ ఆపేయాలి.

అందుకే ఈ నియమాలను సడలించవద్దు.

మెయిన్ న్యూట్రల్ వైరు ఫేజు వైరు మందమే ఉండాలి.

న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు గానీ, ఒంటి పోల్ ఎంసీబీ గానీ పెట్టకూడదు. పాత ఇళ్లలో న్యూట్రల్‌కు కూడా కిట్‌క్యాట్ కటౌట్ (పింగాణీ ఫ్యూజు) పెట్టి ఉంటే దాన్ని తీసేయించండి.

మెయిన్ బాక్సులోని న్యూట్రల్ బార్ మీద ఒక్కో అంతస్తుకు ఒక్కో స్క్రూ ఉండాలి, ఒకే స్క్రూ కింద రెండు తీగలు పెట్టకూడదు.

ఒక అంతస్తు నుంచి వెళ్లిన ఫేజుకు ఆ అంతస్తు న్యూట్రలే తిరుగు దారి కావాలి.

న్యూట్రల్‌ను ఇంటి ఎర్తింగ్‌తో కలపకూడదు. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర విద్యుత్తు సంస్థ ఎర్త్ చేస్తుంది, మన బోర్డులో మళ్లీ కలిపితే ఇంట్లోని ఇనుప వస్తువులన్నీ న్యూట్రల్ కరెంటుకు దారి అవుతాయి.

నాలుగో నియమం ఎక్కువగా మెట్ల లైటు దగ్గర తప్పుతుంది. హనుమకొండలో ఒక ఇంట్లో పై అంతస్తు ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే సరఫరాను తెంచే స్విచ్) రోజూ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో పడిపోయేది, పగలంతా బాగానే ఉండేది. రెండు సార్లు కొత్త ఆర్‌సీసీబీ మార్చినా ఫలితం లేకపోయింది. చివరికి చూస్తే మెట్ల లైటుకు ఫేజు కింది బోర్డు నుంచి, న్యూట్రల్ దగ్గర్లో ఉందని పై అంతస్తు స్విచ్‌బోర్డు నుంచి తీసుకున్నారు. సాయంత్రం ఆ లైటు వేయగానే పై అంతస్తు న్యూట్రల్‌లోకి దానికి సంబంధం లేని కరెంటు చేరి ఆర్‌సీసీబీ పడిపోతోంది. మెట్ల లైటుకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఒక్క బోర్డు నుంచే రావాలి, రెండు చివర్ల టూవే స్విచ్‌ల మధ్య తీగలు వేరుగా లాగాలి.

6. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ

ఓరుగల్లు నేల కింద రాయి ఎక్కువ. చల్క నేల వేసవిలో తడి పూర్తిగా కోల్పోతుంది, ఎర్తింగ్ నిరోధం పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల జీఐ పైపును రెండున్నర మీటర్ల లోతుకు దింపగలిగితే మంచిది. రాయి తగిలి లోతు దొరకకపోతే దూరంగా రెండో గుంత తవ్వి రెండింటినీ కలపండి. కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి. వేసవిలో గుంతలో నీళ్లు పోయడం మానవద్దు.

5 ఓమ్‌లు వచ్చినా ఎంసీబీ ఒక్కటే చాలదు. గీజరు లోపల ఫేజు తీగ బాడీకి తగిలితే 230ని 5తో భాగించగా వచ్చేది 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి. ఆ మధ్య సమయంలో గీజరు నల్లా ముట్టుకున్నవారి పరిస్థితి ఊహించండి. అందుకే ప్రతి అంతస్తు బోర్డులోనూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

మూడంతస్తులకూ కలిపి మెయిన్ బాక్సులో ఒకే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టి సరిపెట్టకండి. అన్ని అంతస్తుల చిన్నచిన్న లీకేజీలు కలిసి అది ఊరికే పడుతుంది, పడినప్పుడు ఇల్లంతా చీకటి. మెయిన్‌లో కూడా కావాలంటే కొంచెం ఆలస్యంగా పనిచేసే ఎస్ రకం, 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది పెట్టవచ్చు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును ఆపదు. దాని ఆంపియర్లు ముందున్న ఎంసీబీ ఆంపియర్ల కన్నా తక్కువ కాకుండా చూసుకోండి.

ఎర్త్ వైరు ఫేజు వైరుతో పాటే, అదే పైపులో, 16 చదరపు మిల్లీమీటర్ల దాకా అదే మందంతో ప్రతి అంతస్తుకూ వెళ్లాలి.

7. పని చేసే వరుస

మొదట ఎర్తింగ్ గుంత పని పూర్తి చేయండి. తర్వాత పైపులు, బాక్సులు బిగించి, వైర్లు లాగండి. కోతుల బెడద ఉన్న కాలనీల్లో డాబా మీద వేలాడే పైపులు నిలవవు, కాబట్టి పైపును గోడకు ఆనించి అడుగుకో క్లాంపు వేయండి.

అంతస్తు బోర్డుల లోపలి పని ముందు, మెయిన్ బాక్సు పని తర్వాత, మీటరు వైపు తీగలు కలపడం అన్నిటికన్నా చివర. ఈ వరుస పాటిస్తే పని జరుగుతున్నంత సేపూ కొత్త వైర్లలో కరెంటు ఉండే అవకాశమే ఉండదు. చివరి కలపడానికి సెక్షన్ ఆఫీసుకు చెప్పి సరఫరా ఆపించాలి. సరఫరా ఆగిందని ఎవరైనా చెప్పినా నమ్మి చేయి పెట్టకండి. వోల్టేజి కొలిచే మల్టీమీటరు వాడి, ముందు కరెంటు ఉన్న చోట పరీక్షించి, తర్వాత పనిచేసే చోట చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. నియాన్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ రంగులు మార్చకండి. మెత్తటి పోగుల వైరు చివరకు లగ్గు (లోహపు తొడుగు) నొక్కి క్రింపు చేసి స్క్రూ కింద పెట్టండి. అల్యూమినియం తీగ రాగితో కలిసే చోట బైమెటల్ లగ్గు వాడకపోతే ఆ జాయింటు కొన్నేళ్లలో తుప్పు పట్టి వేడెక్కుతుంది.

8. కరెంటు ఇచ్చే ముందు పరీక్షలు

టీవీ, ఫ్రిజ్ వంటి వస్తువులన్నీ ప్లగ్గుల నుంచి తీసేసి, ఆర్‌సీసీబీలను విడదీసి ఇవి చూడండి.

□ ప్రతి ప్లగ్గు ఎర్త్ రంధ్రం నుంచి ఎర్త్ బార్ దాకా తీగ తెగకుండా ఉందా.

□ ఫేజు, న్యూట్రల్ కలిపి, వాటికీ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) కనీసం ఒక మెగాఓమ్ వస్తోందా.

□ అన్ని అంతస్తుల న్యూట్రల్ తీగలను బార్ నుంచి విప్పి, స్విచ్‌లన్నీ వేసి చూస్తే, ఒక అంతస్తు న్యూట్రల్‌కూ మరో అంతస్తు న్యూట్రల్‌కూ మధ్య ఏ కలయికా లేకుండా ఉందా. మెట్ల లైటు తప్పు ఉంటే ఇక్కడే పట్టుబడుతుంది.

□ స్విచ్‌లన్నీ ఫేజు తీగ మీదే ఉన్నాయా.

□ ప్రతి స్క్రూ బిగించి, తీగను చేత్తో లాగి చూశారా.

కరెంటు ఇచ్చేటప్పుడు అన్ని ఎంసీబీలు ఆపి, మెయిన్ మొదట వేసి, ఫేజు, న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో వోల్టేజి ఉందో కొలవండి. తర్వాత ఒక్కో అంతస్తు వేసి, అక్కడి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. అది పడకపోతే ఆ అంతస్తును వాడకండి.

9. ఇన్వర్టర్, జనరేటర్, సోలార్

ఇన్వర్టర్ ఒక అంతస్తుదైతే ఆ అంతస్తు బోర్డులోనే ఆగిపోవాలి. ఇన్వర్టర్ ఫేజును పైకి లాగి న్యూట్రల్‌ను కిందే వదిలేస్తే మళ్లీ మెట్ల లైటు కథే. జనరేటర్‌కు న్యూట్రల్‌ను కూడా మార్చే ఛేంజోవర్ స్విచ్ కావాలి. అది లేకుండా జనరేటర్ కరెంటు స్తంభం దాకా వెనక్కి వెళ్తే అక్కడ పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. సోలార్ పెట్టే ఆలోచన ఉంటే మెయిన్ బాక్సులో దానికొక ఖాళీ దారి ఇప్పుడే వదలండి, ఏదో ఒక అంతస్తు బోర్డులో తర్వాత ఇరికించనక్కర్లేదు.

10. తర్వాత కనిపించే లోపాలు, వాటికి పనులు

మెయిన్ పడుతోంది, అంతస్తు ఎంసీబీ పడడం లేదు: అన్ని అంతస్తుల లోడు ఒకేసారి మెయిన్‌ను దాటుతోంది. క్లాంప్ మీటరుతో ఒక్కో ఫేజు కొలిచి, లోడును ఫేజుల మధ్య సర్దండి. పెద్ద షార్ట్ జరిగి రెండూ కలిసి పడితే అది సహజమే, షార్ట్ ఎక్కడో వెతకండి.

వాన పడ్డప్పుడే ఆర్‌సీసీబీ పడుతోంది: డాబా మీది ప్లగ్గు, గేటు లైటు, బోరు మోటరు వైరు ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. ఆర్‌సీసీబీని తీసేసి డైరెక్టు చేయడం ఎన్నడూ పరిష్కారం కాదు.

బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన: ఎక్కడో స్క్రూ వదులైంది. మెయిన్ ఆపి అన్నీ బిగించండి, మాడిన తీగ చివర కోసి కొత్త లగ్గు వేయండి. వైరు కొత్తదైతే మొదటి నెల తర్వాత ఒకసారి, ఆ పైన ఏటా వేసవికి ముందు ఒకసారి ఈ బిగింపు చేయించండి.

ఏ ఎంసీబీ ఏ అంతస్తుదో తెలియడం లేదు: మెయిన్ బాక్సు తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించండి. ప్రతి ఎంసీబీ వెళ్లే చోటు, ఫేజు రంగు, వైరు మందం, ఎర్తింగ్ గుంత ఉన్న జాగ, బిగింపు చేసిన తేదీ, విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912 అందులో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. అర్ధరాత్రి మెయిన్ ఆపవలసి వస్తే ఇంట్లో ఉన్న పెద్దవారు కూడా ఆ కాగితం చదివి ఆపగలగాలి.